రోగికి మనం పడ్డ బాకీ

మొదటి ఏడాది ఎంబీబీఎస్ విద్యార్థుల ఎయిట్‌కామ్ పుస్తకాలు ఈ మధ్య సంతకాల కోసం నా బల్ల మీదికి వచ్చాయి. వైఖరి, నైతికత, సంభాషణ నేర్పడానికి 2019 బ్యాచ్ నుంచి దేశమంతటా పెట్టిన తరగతులు ఇవి. తరగతి అయ్యాక విద్యార్థి తన ఆలోచనలు రాసి ఇవ్వాలి. ఆ వారం అంశం “రోగిగా ఉండడం అంటే ఏమిటి?” వరుసగా తిరగేస్తూ పోయాను. రోగి పట్ల సహానుభూతి చూపడం వైద్యుడి ప్రథమ కర్తవ్యమని ఈ తరగతి వల్ల తెలుసుకున్నామని దాదాపు అందరూ రాశారు. ఒకరి దగ్గర మొదలైన అక్షర దోషం చివరి పుస్తకం దాకా చెక్కుచెదరకుండా ప్రయాణించింది.

మధ్యలో ఒక పుస్తకం మాత్రం వేరుగా ఉంది. ఆ అమ్మాయి తన తాతగారి గురించి రాసింది. తుంటి ఎముక విరిగి ఆయన ఒక పెద్దాసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు, కట్టు చూడడానికి వచ్చినవాళ్లు అందరూ తిరిగే దారిలోనే బట్ట తొలగించారట. ఆయన పంచె సర్దుకోబోతే “చేతులు తియ్యి” అన్నారట. పేజీ అంతా ఇంగ్లీషులో ఉంది, పంచె అన్న మాట ఒక్కటే తెలుగు అక్షరాల్లో రాసింది. దాని కింద కూడా మిగతా పుస్తకాల్లో ఉన్న టిక్కే ఉంది.

ఈ రెండు రకాల పుస్తకాలు చూశాక చాలా కాలంగా మనసులో నలుగుతున్న విషయం రాయాలనిపించింది. వైద్య విద్యార్థికి సహానుభూతి నేర్పాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. మన దగ్గర ఈ నేర్పడమంతా దయ అనే చోట మొదలవుతోంది. రోగి మీద దయ ఉంచండి, ఓపిక పట్టండి, చిరునవ్వుతో మాట్లాడండి అని చెబుతున్నాం. నా దృష్టిలో అది మొదలుపెట్టవలసిన చోటు కాదు. మన వైద్యవిద్య నడిచేది పేదవాళ్ల శరీరాల మీద. శవం దగ్గర నుంచి మొదటి కాన్పు దాకా మనం నేర్చుకునేదంతా వాళ్ల దగ్గరే. చాలాసార్లు వాళ్లను అడగకుండానే నేర్చుకుంటాం. ఈ సంగతి విద్యార్థికి మొదటి ఏడాదిలోనే, దాపరికం లేకుండా చెప్పాలి. తాను దయ చూపడానికి వచ్చానని అనుకునే విద్యార్థి ఒకలా ప్రవర్తిస్తాడు, తాను బాకీ పడ్డానని తెలిసినవాడు మరోలా ప్రవర్తిస్తాడు.

తొలి గురువు ఎక్కడి నుంచి వచ్చాడు

ఎయిట్‌కామ్‌లో మొత్తం 27 అంశాలు ఉన్నాయి. మొదటి ఏడాదికి చెందిన చివరి అంశం, కళేబరమే మన తొలి గురువు అన్నది. దేహాన్ని కోసి చూస్తూ నేర్చుకునే డిసెక్షన్ హాలులో తొలి రోజు తెల్లకోట్లు వేసుకుని పిల్లలంతా చేయి చాచి ప్రమాణం చేస్తారు, దేహం మీద పూలు ఉంచుతారు. చూడడానికి గంభీరంగా ఉంటుంది. ఆ గంభీరత అవసరమే. ఆ హాలులో దేహంతో వేళాకోళాలు ఆడిన కాలం నాకు తెలుసు, అది పోయినందుకు సంతోషం.

అయితే ఆ ప్రమాణంలో “మహత్తర దానం” అంటాం. ఎవరి దానం? 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి మరణించినప్పుడు కుటుంబం ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించింది. మరుసటి నెలలో ఢిల్లీ విశ్వవిద్యాలయ మాజీ అధ్యాపకుడు జి.ఎన్. సాయిబాబా దేహం సికింద్రాబాద్‌లోని గాంధీ వైద్య కళాశాలకు చేరింది. అవి నిజంగా దానాలు, తెలిసి చేసినవి. మన తెలుగు జిల్లాల్లో ఇళ్లకు వెళ్లి, సభలు పెట్టి, దేహదాన పత్రాల మీద సంతకాలు చేయించే సంఘాలవాళ్లు ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుసు. వాళ్లకు నమస్కారం. కానీ మన హాళ్లలోకి వచ్చే దేహాలన్నీ అలా రావు. రైల్వే స్టేషన్లో, బస్టాండు అరుగు మీద, ప్రభుత్వాసుపత్రి వార్డులో చనిపోయి, ఎవరూ రాక మార్చురీలో గడువు దాటినవి ఉంటాయి. అనాటమీ చట్టాలు వాటిని కళాశాలకు ఇవ్వనిస్తాయి. చట్టం ఒప్పుకుంది, ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ మాట విద్యార్థులకు చెప్పాలని నేను అంటే, అనాటమీలో ఉన్న ఒక మిత్రుడు వద్దన్నాడు. “పద్దెనిమిదేళ్ల పిల్లలు మేడమ్. రెండేళ్లు హాస్టల్ గదిలో నీట్ తప్ప లోకం చూడనివాళ్లు. తొలి వారంలో ఫార్మలిన్ వాసనకే సగం మంది అన్నం తినడం లేదు. ఇప్పుడు ఈ బరువు కూడా ఎందుకు?” అన్నాడు. ఆయన భయంలో నిజం ఉంది. దేశంలోని వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద 2024లో వచ్చిన జాతీయ కార్యదళం నివేదిక చూస్తే, సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో పావు వంతుకు పైగా మానసిక సమస్య ఉందని చెప్పారు. అలాంటివాళ్ల మీద నేరభావం మోపడం నా ఉద్దేశం కాదు.

అయినా చెప్పాలనే నా పట్టు. పిల్లలకు ఎలాగూ తెలుస్తుంది. మోచేతి కాయలు, పగిలిన మడమలు, చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న పేరు చూస్తే ఆ మనిషి బతికిన బతుకు ఎవరికైనా అర్థమవుతుంది. తెలిసిన దాని గురించి పెద్దవాళ్లు నోరు మెదపకపోతే, దీని గురించి మాట్లాడకూడదు కాబోలు అనుకుంటారు. నైతికత విషయంలో వాళ్లు నేర్చుకునే మొట్టమొదటి పాఠం ఆ మౌనమే అవుతుంది.

గడప దగ్గర ఒకలా, మంచం దగ్గర ఒకలా

పిల్లలకు మర్యాద తెలియదని, ఈ తరం మొద్దుబారిపోయిందని నా తోటి అధ్యాపకులు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కుటుంబ దత్తత కార్యక్రమం కింద మా విద్యార్థులు దగ్గరి ఊళ్లకు వెళతారు. ఒక్కొక్కరికి కొన్ని ఇళ్లు అప్పగిస్తారు. చాలా చోట్ల అది బస్సు ఎక్కడం, ఫొటో దిగడం, తిరిగి రావడంగా మిగిలిపోతోందన్న విమర్శ నిజమే. కానీ నేను వెంట వెళ్లినప్పుడు చూసింది చెబుతాను. కుర్రాడు గడప బయట చెప్పులు విప్పుతాడు. “అమ్మా, లోపలికి రావచ్చా?” అంటాడు. మంచం మీద కూర్చోమంటే మొహమాటపడి నేల మీద కూర్చుంటాడు. మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు తనే తీసుకెళ్లి పెరట్లో పెడతాడు. బీపీ చూడడానికి చేయి ఇవ్వమని అడుగుతాడు.

అదే కుర్రాడు రెండో ఏడాది వార్డు పోస్టింగుకు వస్తాడు. ఆ ఊరి నుంచి వచ్చిన అలాంటి అమ్మే మంచం మీద ఉంటుంది. మొదటి వారం దుప్పటి అంచు పట్టుకుని ఇటూ అటూ చూస్తాడు. ఎవరూ అడగడం లేదు, పీజీ అడగడు, హౌస్ సర్జన్ అడగడు, యూనిట్ చీఫ్ అసలే అడగరు. నెల తిరిగేసరికి దుప్పటి లాగేయడం అలవాటవుతుంది. గడప దగ్గర ఉన్న మనిషి మంచం దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయాడు? అతనికి కొత్తగా సహానుభూతి పోయవలసిన పని లేదు, ఉన్నది ఇంకిపోకుండా చూడవలసిన బాధ్యత మనది.

కొలిచి చూసినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో జెఫర్సన్ వైద్య కళాశాల పరిశోధకులు సహానుభూతికి ఒక కొలమానం తయారుచేశారు. 2009లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల స్కోరు మూడో ఏడాదిలో గట్టిగా పడిపోయింది. అక్కడ వార్డుల్లో రోగుల మధ్య పూర్తిగా అడుగుపెట్టేది ఆ ఏడాదే. రోగుల దగ్గరికి వెళ్లాకే రోగుల పట్ల మనసు తగ్గడం నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. మరుసటి ఏడాదే ఇంకో బృందం అన్ని అధ్యయనాలనూ కలిపి చూసి, ఆ తగ్గుదల చాలా చిన్నదని, దాన్ని పెద్దది చేసి చెబుతున్నారని వాదించింది. విద్యార్థి తన గురించి తాను నింపే ప్రశ్నావళితో మనసును ఎంతవరకు కొలవగలమన్న వాళ్ల అనుమానం సబబే. అంకెలను పక్కన పెట్టినా, నెల రోజుల్లో దుప్పటి దగ్గర వచ్చే మార్పు నా కళ్ల ముందు ఉంది.

మంచి కేసు

వార్డులో ఒక ఉదయం జరిగింది చెబుతాను. పాతికేళ్లు కూడా లేని అమ్మాయి. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటం ఇరుకై ఆయాసంతో చేరింది. మైట్రల్ స్టెనోసిస్. ఆ చప్పుడు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎడమ రొమ్ము కింద స్టెతస్కోపు గంటను, అంటే దాని కొసన గంటలా ఉండే భాగాన్ని, ఆనించి వింటేనే సరిగా తెలుస్తుంది. పరీక్షకు తప్పకుండా వచ్చే కేసు. కబురు అందిన ప్రతి బ్యాచ్ వచ్చింది. తెర లేదు. ఆ అమ్మాయి జాకెట్టు సగం విప్పి, కొంగు పళ్ల మధ్య పట్టుకుని, గోడ వైపు చూస్తూ పడుకుంది. ఒకరు లేచి ఇంకొకరు వంగుతున్నారు. “వినిపించిందా?” “లేదు, ఇంకోసారి.” ఆమె పేరు ఎవరూ అడగలేదు.

వరుసలో చివర ఉన్న ఒక విద్యార్థిని పక్క మంచం దగ్గరి నుంచి విరిగిన కాలు ఉన్న తెర ఒకటి లాక్కొచ్చి అడ్డం పెట్టింది. స్టెతస్కోపు గంటను అరచేతిలో రుద్ది వెచ్చబరిచింది. “అక్కా, అలసిపోయారా? నేను ఒక్కసారి వినవచ్చా, తర్వాత వినమంటారా?” అంది. ఆ అమ్మాయి కొంగు నోట్లోంచి తీసి మొదటిసారి మాట్లాడింది. “విను తల్లీ. నువ్వు అడిగావు కదా” అంది. తర్వాత అడగకుండానే తన సంగతి చెప్పుకొచ్చింది. నెల తప్పిందట. ఆ సంగతి కేసు షీటులో లేదు. ఆ జబ్బుతో గర్భం ఎంత ప్రమాదమో వైద్యులకు చెప్పనక్కరలేదు. అప్పటిదాకా అంత మంది ఆమె గుండె విన్నారు, ఆమెను విన్నది ఆ విద్యార్థిని ఒక్కతే.

పిలుపుల సంగతి కూడా అంతే. అరవై దాటిన రైతు ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి “డాక్టరు బాబు గారూ” అంటాడు. కుర్రాడు ఆయన్ని “నువ్వు ఎప్పుడు చేరావు?” అంటాడు. ఇంట్లో తాతగారితో అలా మాట్లాడితే ఊరుకుంటారా? ప్రైవేటు ఆసుపత్రి గదిలో డబ్బు కట్టి పడుకున్న అదే వయసు మనిషిని “మీరు” అనడానికి ఈ కుర్రాడికి ఏ తరగతీ అక్కర్లేదు. మర్యాద ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకపోయినా చెల్లుతుందో మన వార్డులే నేర్పుతున్నాయి. పాఠ్యప్రణాళికలో ఎక్కడా రాయని ఇలాంటి పాఠాలను దాగిన పాఠ్యప్రణాళిక అంటూ హాఫర్టీ, ఫ్రాంక్స్ అనే ఇద్దరు 1994లోనే రాశారు. రాసి మూడు దశాబ్దాలు దాటింది.

అనుమతి గురించి తరగతిలో చెప్పడం లేదని కాదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మా విద్యార్థులందరికీ కంఠతా వచ్చు. మత్తులో ఉన్న మనిషికి బదులు తల్లిని అడిగి గర్భసంచి తీసేయడం చెల్లదని అప్పజెబుతారు. ఆ తీర్పుకూ తాము లాగే దుప్పటికీ సంబంధం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మనసులో లేకపోయినా

“అడుగుతారు మేడమ్, పరీక్షలో అడుగుతారు. ఓస్కీలో, అదే ఒక్కో పనికి విడివిడిగా మార్కులు వేసే ప్రాక్టికల్ పరీక్షలో, అనుమతి అడిగితే అర మార్కు ఉంది కాబట్టి చిలక పలుకులు పలుకుతారు. దానివల్ల ఎవరికి లాభం?” అని ఒక పీజీ విద్యార్థి నాతో వాదించాడు. ఇది గట్టి ప్రశ్న. చాలా రోజులు ఆలోచించాను.

నాకు తోచిన జవాబు ఇది. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ కాన్పుల వార్డులోకి వచ్చే వైద్యులందరూ క్లోరిన్ ద్రావణంలో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టాడు. బాలింతల మరణాలు బాగా తగ్గాయి. చేతులు కడుక్కునేటప్పుడు ఆ వైద్యుల మనసులో తల్లుల పట్ల ఎంత ప్రేమ ఉందో ఎవరూ అడగలేదు, అడగవలసిన అవసరమూ లేదు. అనుమతి అడగడం, పేరు పెట్టి పిలవడం, తెర వేయడం, అయ్యాక దుప్పటి తిరిగి కప్పడం కూడా అలాంటివే. విద్యార్థి మనసు ఆ రోజు బాగాలేకపోవచ్చు, నిద్ర లేకపోవచ్చు, రోగి మీద విసుగు ఉండవచ్చు. అయినా అడిగితే రోగి పరువు నిలుస్తుంది. మనసులో భావం పుట్టిందా లేదా అన్నది పరీక్షించి, తెర వేయడాన్ని వదిలేస్తున్నాం. పరీక్షించవలసింది తెరనే.

ఇంకో వాదన సమయం గురించి. ఓపీలో వందల మంది నిలబడి ఉంటారు, ఒక్కొక్కరికీ దొరికేది రెండు నిమిషాలు, అందులో మర్యాదలు ఎక్కడ అంటారు. ఓపీ రద్దీ నాకూ తెలుసు. కానీ మనం మాట్లాడుతున్నది విద్యార్థుల గురించి. వాళ్లకు ఉదయం మూడు గంటలు ఒకే వార్డులో పోస్టింగ్ ఉంటుంది. ఆసుపత్రిలో తీరిక ఎవరికైనా ఉంటే వాళ్లకే. అడిగితే రోగులు ఒప్పుకోరన్న భయం కూడా ఉంది. నా అనుభవంలో అడిగితే కాదనేవాళ్లు చాలా తక్కువ. కాదన్నవాళ్లను వదిలేయాలి, ఇంకో మంచం దగ్గరికి వెళ్లాలి. కాదనే వీలు లేని అనుమతికి విలువ ఏముంది?

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మరో మాట. విద్యార్థుల కంటే పై మెట్టు మీద ఉన్న పీజీల సంగతి. వరుస డ్యూటీలతో ముప్పై గంటలుగా నిద్ర లేని మనిషి దగ్గర జూనియర్లు ఏం నేర్చుకుంటారు? రెసిడెంట్ల, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ చదివే ఈ పీజీల, నిరంతర డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకంలోనే ఉంది. 2023 పీజీ నిబంధనల్లో “సహేతుకమైన పని గంటలు” అన్నారు. సహేతుకం అంటే ఎంతో చెప్పలేదు. తనను మనిషిగా చూడనిచోట మనుషుల్ని మనుషులుగా చూడమని చెబితే ఎవరి చెవికీ ఎక్కదు. ఇది సరిదిద్దకుండా ఎయిట్‌కామ్‌కు ఎన్ని గంటలు పెంచినా పెద్దగా ఫలితం ఉంటుందని అనుకోను.

తనిఖీ రోజు

వార్డు బయట కూడా నైతికత పాఠాలు జరుగుతూనే ఉంటాయి. 2025లో వైద్య కళాశాలల తనిఖీల్లో అవినీతి మీద సీబీఐ పెట్టిన కేసులో తెలుగు రాష్ట్రాల పేర్లు కూడా వినిపించాయి. లేని అధ్యాపకులను ఉన్నట్టు చూపడం, తనిఖీ రోజున రోగులను తెచ్చి మంచాల మీద పడుకోబెట్టడం అందులోని ఆరోపణలు. కేసు తేలవలసి ఉంది. కానీ అద్దె రోగుల సంగతి వైద్య విద్యార్థులకు వార్త కాదు. తనిఖీ రోజున మంచం మీద జబ్బు లేని మనిషి, కుర్చీలో పాఠం చెప్పని ప్రొఫెసరు కనిపిస్తే, అదే వారం నిజాయతీ మీద రాయమన్న పేజీలో ఆ పిల్లవాడు పక్కవాడి వాక్యం దింపుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

పైనుంచి వచ్చే మాటలూ నిలకడగా లేవు. 2022లో వైద్య విద్యార్థులు చదవవలసింది చరక శపథమా, హిప్పోక్రాటిస్ ప్రమాణమా అని దేశమంతా కొట్లాడుకున్నాం. మదురైలో ఒక డీన్‌ను ఆ గొడవలో పదవి నుంచి తప్పించి, మళ్లీ నియమించారు. 2024 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ విడుదల చేసిన పాఠ్యప్రణాళికలో, స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చినా, ఫోరెన్సిక్ మెడిసిన్ కింద వాటిని లైంగిక నేరాల జాబితాలోకి మళ్లీ తెచ్చారు. విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఏ ప్రమాణం చదవాలన్న దాని మీద ఖర్చుపెట్టిన శ్రద్ధలో కొంత, వార్డుల్లో తెరలు ఉన్నాయా అని చూడడానికి పెట్టి ఉంటే బాగుండేది.

పరీక్షకు కూర్చునే రోగులు

బాకీ అన్నాను కాబట్టి, తీర్చే మాట కూడా చెప్పాలి. ఫైనల్ ప్రాక్టికల్స్ రోజుల్లో ప్రతి ప్రభుత్వ కళాశాలకూ కొందరు రోగులు వస్తారు. ప్లీహం పెరిగినవాళ్లు, కవాటాల జబ్బులవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు. ఉదయం నుంచి సాయంత్రం దాకా విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు వాళ్లను నొక్కి, తట్టి, విని చూస్తారు. ఏళ్ల తరబడి వచ్చేవాళ్లకు తమ జబ్బు పేరు, పరీక్షకుడు అడగబోయే ప్రశ్న కూడా తెలుసు. బెదిరిపోయిన విద్యార్థి కనిపిస్తే “కంగారు పడకు నాయనా, ఎడమ వైపు చూడు” అని నెమ్మదిగా అందించేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతుల మీదుగా ఎంతమంది డాక్టర్లు అయ్యారో లెక్క లేదు. చాలా చోట్ల వాళ్లకు దక్కేది చార్జీలకు కాస్త డబ్బు, ఒక భోజనం పొట్లం. అది కూడా విద్యార్థులే చందాలు వేసుకుని ఇస్తుంటారు.

వాళ్లను పాఠం చెప్పే మనుషులుగా ఒప్పుకుని ఆ రోజు కూలి కళాశాల ఖాతా నుంచి ఇవ్వాలి. కూర్చోవడానికి కుర్చీ, మధ్యలో విశ్రాంతి, ఇంతమందికి మించి చూడకూడదన్న హద్దు ఉండాలి. విద్యార్థి తన పేరు చెప్పాడా, అడిగి ముట్టుకున్నాడా, నొప్పి పెట్టినప్పుడు ఆగాడా అన్నవాటికి మార్కులు వేయవలసింది ఆ రోగే. పరీక్షకుడికి అది తెలియదు, ఆ చేయి పడింది రోగి ఒంటి మీద. రోగి మార్కులు వేస్తే పక్షపాతం ఉంటుందని అంటారు. పరీక్షకులకు లేదా? చదువురాని మనిషి ఎలా వేస్తాడని అంటారు. తనను ఎవరు మర్యాదగా చూశారో చెప్పడానికి చదువు అక్కర్లేదు. మొదటి ఏడాది చివర ఈ విధంగా ఒక చిన్న పరీక్ష పెట్టినా, రెండో ఏడాది వార్డులోకి వచ్చే కుర్రాడికి తనను గమనించే కళ్లు మంచం మీద కూడా ఉన్నాయని తెలుస్తుంది.

మా విభాగ సమావేశంలో ఈ ప్రతిపాదన పెట్టాను. ఎవరూ కాదనలేదు. కూలి డబ్బు ఏ పద్దు కింద చూపాలన్న దగ్గర ఆగింది. ఆడిట్‌వాళ్లు రోగికి జీతం ఏమిటని అడిగితే ఏం చెప్పాలన్నది వాళ్ల ఇబ్బంది. తర్వాతి సమావేశానికి నిబంధనలు చూసుకుని, అతిథి ఉపన్యాసకులకు ఇచ్చే గౌరవ వేతనం పద్దు కిందే ఇవ్వాలని కాగితం తయారు చేసుకుని వెళుతున్నాను.